కళ్లజోడు కెమెరాలు: ఎదుటివాళ్లు రికార్డ్ చేస్తున్నారో లేదో మనకెలా తెలియాలి?

గోధూళి
అందరికీ నమస్తే. ఆఫీసులో మా టీమ్‌లోకి కొత్తగా వచ్చినాయన కెమెరా ఉన్న కళ్లజోడు పెట్టుకుని వస్తున్నాడు. చూడ్డానికి మామూలు నల్ల ఫ్రేమే, దగ్గరికెళ్తే గానీ తెలీదు, రెండు మూలల్లో గుండ్రంగా చిన్న గాజు బిళ్లలు ఉంటాయి, ఒకటి కెమెరా, రెండోది లైటు అంట. రికార్డింగ్ అయితే లైటు వెలుగుతుంది కదండీ, భయమెందుకు అంటాడు. వెలుగుతుందేమో, కానీ పైన ట్యూబ్‌లైట్లు ఆ బిళ్ల మీద పడి అది ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది, ఏది లైటో ఏది మెరుపో నాకైతే తేడా తెలియట్లేదు. మనిషి మంచోడే. అయినా ఆయన ఎదురుగా కూర్చుంటే మాట ఆచితూచి వస్తోంది, చెయ్యి ఊరికే జుట్టు మీదకి పోతోంది. తీసి పక్కన పెట్టండి అందామంటే అవి పవర్ ఉన్న అద్దాలు, తీస్తే పాపం ఆయనకి స్క్రీన్ కనపడదు. మీరైతే ఏం చేస్తారు?

కంపైలర్
ఊరికే టెన్షన్ పడకండి. రోడ్డెక్కితే సీసీ కెమెరాలు, లిఫ్టులో కెమెరా, కార్లలో డ్యాష్‌క్యామ్‌లు, పక్కింటి కాలింగ్ బెల్లులో కూడా కెమెరానే, చుట్టూ ప్రతి చేతిలో ఫోను. ఎవరెవరి వీడియోల్లో వెనకాల పడుతున్నామో లెక్కే లేదు, ఇప్పుడు ఈ ఒక్క జోడు వచ్చి కొత్తగా చేసేదేముంది? దొంగచాటుగా తియ్యాలనే బుద్ధి ఉన్నోడికి పెన్ను కెమెరాలు, గుండీ కెమెరాలు ఎప్పట్నుంచో దొరుకుతున్నాయి, వాటికి లైటు కూడా ఉండదు. పనిగట్టుకుని లైటు వెలిగే జోడు మొహానికి పెట్టుకుని ఎవడొస్తాడు?

తీగలాగు
> పనిగట్టుకుని లైటు వెలిగే జోడు మొహానికి పెట్టుకుని ఎవడొస్తాడు?

గుండీలో కెమెరా పెట్టుకొచ్చినోడు దొరికితే అక్కడికక్కడే నలుగురూ పట్టుకుంటారు, ఎందుకంటే గుండీలో కెమెరా ఉండటానికి వేరే సాకు లేదు. కళ్లజోడుకి ఆ ఇబ్బంది లేదు, "నా కళ్లద్దాలండీ" అంటే అయిపోయింది. సీసీ కెమెరా గోడకి ఉంటుంది, కింద బోర్డు ఉంటుంది, ఇష్టం లేకపోతే పక్క నుంచి పోవచ్చు, అది మన వెనకాల పడి రాదు, మనతో కబుర్లు చెప్పదు. ఇది మన కళ్లల్లోకి చూస్తూ కబుర్లు చెప్తుంది. పైగా బొమ్మతో ఆగదు, ఫేస్‌బుక్ వాళ్ల మెటా కంపెనీ, రేబాన్ కలిసి చేసే ఈ రేబాన్ మెటా జోడులో మైకులే ఐదు ఉన్నాయి.

చింటూ_బ్రో
నా దగ్గర ఆ జోడే ఉంది, చెప్పులు విసరకండి 😅 మా పాప సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తుతూ తీసిన వీడియో ఉంది చూడండి, ఫోనుతో అయితే ఆ వీడియో జన్మలో రాదు, రెండు చేతులూ సీటు మీదే ఉన్నాయి కదా. కొనేది దానికోసమే. మీరనుకున్నట్టు పొద్దున్నుంచీ రాత్రి దాకా రికార్డ్ అవ్వదు, ఒక్కో వీడియోకి నిమిషాల లెక్క ఉంటుంది, బ్యాటరీ కూడా అంత ఉండదు. నొక్కితేనో "హే మెటా" అని పిలిస్తేనో తీస్తుంది. లైటుకి అడ్డంగా స్టిక్కర్ అంటిస్తే తియ్యనని మొరాయిస్తుంది కూడా. స్విమ్మింగ్ పూల్ దగ్గర ఒకావిడ వచ్చి తీసేయ్ బాబూ అంది, నోరెత్తకుండా తీసి బ్యాగులో పెట్టా. అంతకన్నా ఏం చెయ్యాలి మేము?

తీగలాగు
చింటూ, నువ్వు తీసి బ్యాగులో పెట్టావు, సంతోషం. కానీ ఆవిడ వచ్చి అడగాల్సి వచ్చింది చూడు, నాకు గుచ్చుకునేది అదే. పూల్ దగ్గర పిల్లల్ని చూసుకుంటూ, తడి బట్టల్లో ఉండి, తెలియని మగాడి దగ్గరికెళ్లి "మీ కళ్లజోడు ఏంటి" అని అడగడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించు. ఆవిడ అడిగింది. అడగలేక తువ్వాలు చుట్టుకుని ఇంటికెళ్లిపోయిన వాళ్ల సంగతి నీకు తెలిసే దారే లేదు.
స్టిక్కర్ సంగతి సరే, లైటునే లోపల్నుంచి పనిచెయ్యకుండా చేసిచ్చే వాళ్లు బయల్దేరారని 2025లో వార్తలొచ్చాయి.

పాతకెమెరా
నేను ఫిల్మ్ రోజుల నుంచి వీధుల్లో ఫోటోలు తీస్తున్నవాణ్ణి. కెమెరా ఎత్తి కంటికి ఆనించుకోవడమే ఒక మాట లాంటిది. ఆ అర సెకనులో ఎదుటివాళ్లు మొహం తిప్పుకుంటారు, లేదా నవ్వుతారు, లేదా చెయ్యి అడ్డం పెడతారు. చెయ్యి అడ్డం పెడితే దించేసేవాణ్ణి. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, తీసేవాడికీ తీయించుకునేవాడికీ మధ్య నడిచే బేరం. ఫోనులో కూడా అంతో ఇంతో అదే ఉంది, ఫోను పైకి లేస్తే తెలుస్తుంది. ఈ జోడు వచ్చి ఆ బేరాన్ని ఎత్తేసింది. కళ్లజోడు పెట్టుకున్న మనిషి నా వైపు చూస్తున్నాడు, అంతే. చూపుకి చెయ్యి అడ్డం పెట్టమంటే ఎవరు పెడతారు?
ఈ గొడవ కొత్తదేం కాదు లెండి. 1888లో కొడాక్ చేతి కెమెరా వచ్చింది, ఎవడు పడితే వాడు ఫోటోలు తియ్యడం మొదలెట్టాడు, 1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అని ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో ప్రైవసీ హక్కు మీద పెద్ద వ్యాసం రాశారు, అందులో వాళ్ల ఫిర్యాదు పేపర్ల మీదా, అప్పటికప్పుడు తీసేసే ఈ ఫోటోల మీదా. ఆ కెమెరా కనీసం చేతిలో కనపడే డబ్బా.

కంపైలర్
బాబాయ్ గారూ, మరి కెమెరాతో కళ్లజోడులా పెట్టుకునే ఆ గూగుల్ గ్లాస్ సంగతి? 2013లో 1,500 డాలర్లకి ఇచ్చారు, పెట్టుకున్నోళ్లకి జనం "గ్లాస్‌హోల్" అని తిట్టు పేరు పెట్టారు, చివరికి గూగులే ఆ మాట వాడుతూ అలా ప్రవర్తించకండి అని 2014లో సలహాలు రాసింది. 2015 జనవరిలో మామూలు జనాలకి అమ్మడం ఆపేసింది. అంటే నచ్చకపోతే సమాజమే తిప్పికొడుతుంది, దీనికి ఇంత చర్చ ఎందుకు?

తీగలాగు
తిప్పికొట్టగలిగారు ఎందుకంటే అది కనపడేది కాబట్టి. నుదుటి మీద గాజు పలక అతికించుకుని వస్తే వంద అడుగుల దూరం నుంచే తెలిసేది. 2016లో స్నాప్‌చాట్ స్పెక్టకల్స్ వచ్చినప్పుడు కూడా రంగురంగుల ఫ్రేము, కెమెరా చుట్టూ గుండ్రంగా తిరిగే లైట్లు, బొమ్మ కొలువులా ఉండేది. గ్లాస్ ఫెయిల్ అయ్యాక ఈ కంపెనీలు నేర్చుకున్న పాఠం ఏంటో తెలుసా, జనాన్ని ఇబ్బంది పెట్టకూడదని కాదు, జనానికి తెలియకుండా మామూలు కళ్లజోడులా చెయ్యాలని. 2021లో ఫేస్‌బుక్, రేబాన్ కలిసి మొదటి జోడు తెచ్చినప్పుడు ఐర్లండ్, ఇటలీ ప్రైవసీ అధికారులు అడిగిందే ఇది, ఇంత చిన్న లైటుతో ఎదుటివాళ్లకి తెలుస్తుందని మీరు బయట ఎక్కడైనా పరీక్ష చేసి చూశారా అని. తర్వాతి మోడల్‌లో లైటు పెద్దది చేశారు. పెద్దది అంటే ఎంత, గోధూళి గారి ట్యూబ్‌లైటు మెరుపులో కలిసిపోయేంత.

తెల్లకర్ర
ఇక్కడ దాకా చదివా (చదివించుకున్నా). నాకు చూపు లేదు. ఆ జోడు నేను రోజూ వాడతా. పోస్టులో వచ్చిన కాగితం చదువుతుంది, మందు డబ్బా మీద ఎక్స్‌పైరీ చెప్తుంది, వచ్చే బస్సు నంబరు చెప్తుంది, తలుపు మీద ఏం రాసుందో చెప్తుంది. మరీ తెలియకపోతే బీ మై ఐస్ అనే యాప్‌లో ఎవరో వాలంటీరు నా కెమెరా లోంచి చూసి "కొంచెం ఎడమకి తిప్పండి" అంటారు. ఇంతకుముందు ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో ఫోను, గొడుగు పట్టుకోవాలంటే మూడో చెయ్యి కావాలి.
మొన్న ఒక క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి కెమెరా జోడు తీసెయ్యండి సార్ అంది. తీశా. తర్వాత ఒక ఫారం చేతిలో పెట్టి నింపమంది 🙂
ఇంకో మాట. మీరందరూ లైటు చిన్నదా పెద్దదా అని కొట్టుకుంటున్నారు. లైటు పెద్దదైతే నాకేంటి, చిన్నదైతే నాకేంటి? ఎదుటివాడు నన్ను తీస్తున్నాడో లేదో నాకు చెప్పే ఏర్పాటు అందులో ఏదీ లేదు. జోడు వాడేవాడిగా నన్ను అనుమానిస్తారు, ఎదుటివాడి జోడు ముందు నేను లెక్కలోనే లేను.

నర్సక్క
తెల్లకర్ర తమ్ముడూ, నీ చివరి మాట దగ్గర ఆగిపోయా, నిజంగా ఎప్పుడూ తట్టలేదు.
మా వార్డు సంగతి చెప్తా. పేషంట్‌ని చూడ్డానికి వచ్చేవాళ్లు ఫోను తీస్తే వద్దమ్మా అంటాం, అలవాటే. పక్క మంచం మీద పేషంట్ గౌను సగం జారి ఉంటుంది, యూరిన్ బ్యాగు వేలాడుతుంటుంది, కేసు షీటు మీద పేరు, వయసు, జబ్బు అన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి. తీసేవాళ్లు వాళ్లమ్మనే తీస్తున్నారు, తప్పుడు ఉద్దేశం ఏం ఉండదు, కానీ ఫ్రేములో ఇవన్నీ పడతాయి. ఫోనైతే కనపడుతుంది, ఆపుతాం. కళ్లజోడు పెట్టుకొచ్చిన ప్రతి ఒక్కరి మొహంలోకి వంగి చూసి ఇది మామూలుదా కెమెరాదా అని చూసే టైము మాకు ఎక్కడిది?
ఇంకో వైపు కూడా చెప్పాలి, ఒంటి మీద పెట్టుకునే కెమెరాతో మంచి జరగదని కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు సెన్స్‌క్యామ్ అని మెడలో వేలాడే కెమెరా చేశారు, దానంతట అదే ఫోటోలు తీస్తూ పోతుంది, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకి సాయంత్రం ఆ ఫోటోలు చూపిస్తే ఆ రోజు ఏం జరిగిందో గుర్తుకొచ్చేదని పరిశోధనల్లో రాశారు. మా నర్సింగ్ క్లాసులో చెప్పారు.

చింటూ_బ్రో
నర్సక్కా హాస్పిటల్‌కి నేనైతే పెట్టుకు రాను, ప్రామిస్. కానీ జనరల్‌గా పబ్లిక్ ప్లేస్‌లో ఫోటో తియ్యడం లీగలే కదా? ప్లీడరు గారూ ఉన్నారా?

ప్లీడరు
ఉన్నా, కోర్టు వాయిదా పడింది కాబట్టి ఉన్నా.
దేశానికో రకం, కాబట్టి ఒక్క ముక్కలో లీగల్ అనీ చెప్పలేం, ఇల్లీగల్ అనీ చెప్పలేం. యూరప్ ఉదాహరణ చెప్తా, అక్కడ తీర్పులు స్పష్టంగా ఉన్నాయి. సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకునే వాటికి డేటా చట్టం నుంచి మినహాయింపు ఉంది. చింటూ వాళ్ల పాప వీడియో ఇంట్లోవాళ్లు చూసుకుంటే అందులోకే వస్తుంది. కానీ 2003లో స్వీడన్ కేసు ఒకటి, ఒకావిడ తనతో పనిచేసేవాళ్ల వివరాలు, ఒకరి కాలికి దెబ్బ తగిలిందన్న సంగతితో సహా, తన వెబ్ పేజీలో పెట్టింది, అందరూ చూసేలా నెట్‌లో పెడితే అది ఇంటి వ్యవహారం కాదని యూరప్ కోర్టు చెప్పింది. 2014లో చెక్ దేశం కేసు, కిటికీలు పగలగొడుతున్నారని ఒకాయన ఇంటికి కెమెరా పెట్టుకున్నాడు, ఆ కెమెరాలో రోడ్డు కూడా పడుతోంది. పగలగొట్టేవాళ్లని పట్టుకోవడానికే పెట్టినా, రోడ్డు మీది జనాన్ని తీస్తున్నావు కాబట్టి పూర్తిగా సొంత పని కాదన్నారు, ఆయన భద్రతనీ లెక్కలోకి తీసుకోవచ్చు గానీ చట్టానికి బయట మాత్రం లేడన్నారు. ఇంటి గోడకున్న కెమెరాకే ఇంత ఉంటే, రోడ్డంతా తిరిగే కెమెరా సంగతి మీరే ఊహించుకోండి.
ఆఫీసు వేరే సంగతి. అది ఒకళ్ల చోటు, వాళ్లు వద్దంటే వద్దు. గోధూళి గారూ, మీ హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి, మనిషి పేరు రాయకుండా, ఇలాంటి పరికరాలకి మన పాలసీ ఏంటి అని అడగండి చాలు.

కంపైలర్
చట్టాలు సరే గానీ ఒక్కటి చెప్పండి. 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపినప్పుడు, రోడ్డు మీద వెళ్తున్న ఒక అమ్మాయి ఫోనులో తీసింది కాబట్టే లోకానికి తెలిసింది. ప్రతి రికార్డింగ్‌కీ అనుమతి అడగాలంటే ఆ వీడియో వచ్చేదా? నా పాయింట్ అదే, కెమెరా బలం లేనోడి చేతిలో కూడా ఉండాలి.

పాతకెమెరా
ఉండాలి నాయనా, కాదనను. కానీ ఆ అమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుని అందరి ముందూ నిలబడి తీసింది, పోలీసుకి కూడా తెలుసు తీస్తోందని. దాక్కోలేదు. నేను చెప్పే బేరంలోనే ఉంది ఆ వీడియో. బలం ఉన్నవాడి మీద కెమెరా ఎత్తడం ఒకటి, బస్సులో కునుకు తీస్తున్న మనిషిని తనకి తెలియకుండా తీసి కామెడీ పాట పెట్టి వ్యూస్ కోసం వదలడం ఇంకోటి, రెండూ ఒకటే గాటన కట్టకు.

తీగలాగు
బాబాయ్ గారికి దండం 🙏
తీయడంతో ఆగితే ఇంత బాధ లేదు. 2024లో హార్వర్డ్ స్టూడెంట్లు ఇద్దరు ఇదే జోడుతో ఒక డెమో చేశారు. జోడు లోంచి వీడియో ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌కి పోతుంది, కంప్యూటర్ అందులో మొహాలు ఏరుకుని పిమ్‌ఐస్ అనే మొహాల సెర్చ్ ఇంజిన్‌లో వెతుకుతుంది, దొరికిన పేజీల లోంచి ఏఐ పేరు లాగుతుంది, పేరు పట్టుకుని అడ్రస్, ఫోన్ నంబరు. రైల్లో తెలియని వాళ్ల దగ్గరికెళ్లి పాత పరిచయం ఉన్నట్టు పలకరించి చూపించారు. ప్రోగ్రాం మాత్రం బయట పెట్టలేదు, జాగ్రత్త పడమని చెప్పడానికే చేశామన్నారు. అందులో వాళ్లు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, అన్నీ ముందే బయట ఉన్న ముక్కలే, కలిపి కుట్టారు అంతే.
పిమ్‌ఐస్ నుంచి మన మొహం తీయించుకోవచ్చు, ఆప్ట్ అవుట్ ఉంది. దానికి ఏం పంపాలో తెలుసా? మన మొహం ఫోటో.

కంపైలర్
అది మాత్రం ఒప్పుకుంటా, కంపు వ్యవహారం. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణే కాబట్టి ఇంకో తేడా చెప్తా, జోడు ఉన్నోళ్లకి కూడా చాలామందికి తెలీదు. ఫోటో తీస్తే అది ఫోనులోకి వస్తుంది, మీరు షేర్ చేస్తే తప్ప అక్కడే ఉంటుంది. కానీ "ఇదేంటో చూసి చెప్పు" అని ఏఐని అడిగారనుకోండి, ఆ బొమ్మ కంపెనీ సర్వర్‌కి పోతుంది, అలా ఏఐకి ఇచ్చిన బొమ్మల్ని ఏఐ మోడల్‌కి నేర్పడానికి వాడుకోవచ్చని 2024లో మెటానే చెప్పింది. అంటే చింటూ ఒక మొక్కని చూపించి పేరేంటని అడిగితే, మొక్క వెనకాల నిలబడ్డ మనిషి కూడా వెళ్తాడు. చింటూ ఆ యాప్‌లో ఐ అగ్రీ కొట్టాడు, వెనకాల మనిషి ఏం కొట్టలేదు.

చింటూ_బ్రో
వామ్మో. సెట్టింగ్స్ చూసొస్తా.

తెల్లకర్ర
నాది మొత్తం ఆ రెండో రకమే. రోజంతా అడుగుతూనే ఉంటా కాబట్టి నేను చూసినవన్నీ వెళ్తున్నాయన్నమాట. నా బ్యాంకు ఉత్తరాలతో సహా. మానెయ్యమంటారా అంటే మానలేను. బొమ్మ బయటికి పోకుండా జోడులోనో ఫోనులోనో చదివి చెప్పే రకం వస్తే రేపే మారిపోతా, అక్షరాలు చదవడం వరకు ఫోన్లలో ఇంటర్నెట్ లేకుండానే అవుతోంది ఇప్పటికే.

కంపైలర్
అవుతుంది, అక్షరాలకి కష్టం లేదు, చుట్టూ ఉన్నది వర్ణించి చెప్పడానికే పెద్ద మోడల్ కావాలి.
గోధూళి గారికి పనికొచ్చే విషయం, ఈ జోళ్లు బ్లూటూత్‌లో ఏ కంపెనీ పరికరమో చెప్పే కోడ్ వదులుతుంటాయి, దాన్ని పట్టి దగ్గర్లో ఉందని ఫోనుకి అలర్ట్ వచ్చేలా చెయ్యొచ్చు. కాకపోతే అదే కంపెనీ వీఆర్ హెడ్‌సెట్ ఉన్నా మోగుతుంది, రికార్డ్ అవుతోందా లేదా అన్నది మాత్రం చెప్పలేదు.

తెల్లకర్ర
అయితే నేను ఎక్కడికెళ్లినా అందరి ఫోన్లూ మోగుతాయి. బాగుంది.

మోడరేటర్
హెడ్డింగ్ దాటి ఏ జోడు కొనాలి, ఎక్కడ చవక అనే పోస్టులు రెండు తీసేశా. "ఆడవాళ్లే ఓవర్‌గా ఆలోచిస్తారు" అని రాసినాయనకి వారం సెలవు ఇచ్చా. కానివ్వండి.

గోధూళి
అందరికీ థ్యాంక్స్. ఆ జోడు కాడ లోపలి వైపు చిన్న స్విచ్ ఉంటుందని, ఆఫ్ చేస్తే కెమెరా పనిచెయ్యదని, అద్దాలు మాత్రం అద్దాల్లానే ఉంటాయని నాకు ప్రైవేట్ మెసేజ్‌లో ఒకరు చెప్పారు. పొద్దున ఆయన్ని పక్కకి పిలిచి, మీ మీద అనుమానం కాదండీ, నేను ఫ్రీగా మాట్లాడలేకపోతున్నా, మా దగ్గర ఉన్నప్పుడు ఆ స్విచ్ ఆఫ్ చెయ్యండి అన్నా. ఏం అనుకోలేదు, నా ముందే తీసి జరిపాడు. అక్కడితో అయిపోయిందనుకున్నా. మధ్యాహ్నం మా లీడ్ వచ్చి "ఐడియా బాగుంది, మీటింగ్ నోట్స్ రాసే పని తప్పుతుంది, అందరికీ ఆ జోళ్లే తెప్పిద్దాం" అంటున్నాడు 🤦‍♀️

ప్లీడరు
ఆ మెయిల్ ఈ రోజే పెట్టండి. ఆర్డర్ పెట్టాక పాలసీ రాస్తే అది జోళ్లకి అనుకూలంగానే వస్తుంది. అందులో రెండు ప్రశ్నలు తప్పకుండా రాయండి, రికార్డ్ అయినది ఎవరి అకౌంట్‌లోకి వెళ్తుంది, ఎప్పుడు చెరిపేస్తారు. చాలా చోట్ల ఈ రెండో దానికి జవాబు లేకే ప్లాన్ ఆగిపోతుంది.

నర్సక్క
మా మేట్రన్‌తో మాట్లాడా, వార్డు గేటుకి ఒక బోర్డు పెట్టుకోమన్నారు. ఇలా రాశా, తప్పులుంటే చెప్పండి: "కెమెరా ఉన్న కళ్లజోళ్లు బ్యాగులో పెట్టి లోపలికి రండి. చూపు కోసం వాడుతున్నవాళ్లు సిస్టర్‌కి చెప్పండి, తియ్యక్కర్లేదు."

తీగలాగు
పవర్ అద్దాలు ఉన్నవాళ్లందరూ చూపు కోసమే అంటారు అక్కా. "చూపు లేనివాళ్లు" అని రాయండి, మిగతావాళ్లకి స్విచ్ ఆఫ్ చేసి చూపించమనండి.

తెల్లకర్ర
అక్కా అక్షరాలు పెద్దగా, తెలుపు మీద నలుపు రాయించు. లామినేషన్ చేస్తే మెరిసి నా జోడు చదవదు.

నర్సక్క
సరే తమ్ముడూ, లామినేషన్ లేకుండానే. సిస్టర్‌కి చెప్పమన్న లైను పైన పెట్టనా కింద పెట్టనా?

తెల్లకర్ర
పైనే.